కరెంటు పోయినప్పుడు మన ఇంట్లో ఏది వెలగాలి
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, రికవరీ లెక్కలు ఇందాకే చదివేశారు కాబట్టి మేము వాటి జోలికి పోము. సోలార్ లోను విషయంలో మా సంఘం చేసిన ఒక పొరపాటు గురించి చెబుతాం. ఈ ఏడు చాలా సంఘాల్లో సోలార్ లోన్లకు తీర్మానాలు రాస్తున్నారని విన్నాం. రాసే ముందు ఇది వినండి.

మనది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రాత్రి ఎవరం మరిచిపోలేం. కొబ్బరి, జీడి, పనస పడిపోయిన సంగతి ఒక ఎత్తు, కరెంటు స్తంభాలు పడిపోయిన సంగతి ఇంకో ఎత్తు. మా వీధికి కరెంటు వచ్చేసరికి రెండు వారాలు దాటింది. ట్యాంకులోకి నీళ్ళు ఎక్కించే మోటారు లేదు. జనరేటర్ ఉన్నచోట డబ్బులిచ్చి సెల్లు ఛార్జింగ్ పెట్టించుకున్నాం. చంటిపిల్లలున్న ఇళ్ళలో రాత్రంతా తాటాకు విసనకర్రే. అప్పటి నుంచి ఇంటి మీద సోలార్ అంటే మా అందరికీ ఆశ.

అందుకే మా సంఘంలో ఒక అక్క మూడు కిలోవాట్ల సోలార్‌కు లోను అడిగితే పది మందిమీ కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేశాం. పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడుకు 78 వేలు సబ్సిడీ వస్తుంది, ఆపైన ఎంత పెట్టినా పెరగదు. 78 వేలు వస్తుంది కదా అని మూడు పెట్టించారు. ఆవిడ ఇంట్లో వాడకం ఎంత అని అడిగినవాళ్ళు లేరు. మేమూ అడగలేదు.

పెట్టిన రెండో నెలలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. నాలుగు గంటలు రాలేదు. అక్క ఇంట్లో ఫ్యాను తిరగలేదు, బల్బు వెలగలేదు. వీధిలోకి వచ్చి మమ్మల్ని పిలిచి, "ఏటమ్మా ఇది, ఎండ నెత్తి మీద కాస్తంటే నా సోలార్ ఆగిపోనాది? ఇందుకేనా నాచేత అప్పు చేయించినారు?" అని ఏడ్చినంత పని చేసింది. పెట్టినవాళ్ళకు ఫోన్ చేస్తే "అది అంతేనమ్మా" అన్నారు. ఆ ముక్క ముందే చెప్పాల్సింది.

అది నిజంగా అంతే. ఎందుకో మా ఊరి కరెంటు పని చేసే తమ్ముడు చెప్పాడు. బ్యాటరీ లేకుండా నెట్ మీటరుతో పెట్టే సోలార్ వీధి లైనుకు కలిసి ఉంటుంది. లైనులో కరెంటు పోగానే ఆ ఇన్వర్టర్ దానంతట అదే ఆగిపోవాలి. ఆగకపోతే మన కప్పు మీది కరెంటు బయటి తీగల్లోకి పోతుంది. కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. కాబట్టి ఆ సోలార్ బిల్లు తగ్గించడానికి. అక్కకు బిల్లు బాగా తగ్గింది, అది అబద్ధం కాదు. కానీ ఆవిడ అప్పు చేసింది బిల్లు కోసం కాదు, తిత్లీ లాంటి రాత్రి కోసం.

కరెంటు పోయినా పనిచేయాలంటే రెండు దారులున్నాయి. ఒకటి హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ. లైను పోగానే ఇది ఇంటిని లైను నుంచి విడదీసి, బ్యాటరీతోనూ ప్యానెల్‌తోనూ నడుపుతుంది. సబ్సిడీ మాత్రం ప్యానెల్ లెక్క మీదే, బ్యాటరీకి రాదు. రెండోది లైనుతో సంబంధం లేకుండా చిన్న ప్యానెల్, బ్యాటరీ, ఇన్వర్టర్ విడిగా పెట్టుకోవడం. దీనికి ఆ సబ్సిడీ లేదు, కానీ ఖర్చు మన చేతిలో ఉంటుంది. మా సంఘంలో కుట్టు మిషను పెట్టుకున్న ఇంకో చెల్లి ఈ రెండో దారి పట్టింది. ఈసారి మేము తొందరపడలేదు. ముందు నోటుపుస్తకం తీశాం.

కరెంటు లేని రాత్రి ఇంట్లో ఏది ఉండి తీరాలి? బల్బులు మూడు, ఒక్కోటి 9 వాట్లు, ఐదు గంటలు: 135. ఫ్యాన్లు రెండు, పాతవి, ఒక్కోటి 75 వాట్లు, ఎనిమిది గంటలు: 1200. సెల్లులు రెండు: 60. వాళ్ళ అత్తగారికి ఆయాసం, మందు పట్టే నెబులైజర్ అరగంట: ఇంకో 60. మొత్తం 1455, అంటే దాదాపు యూనిట్టున్నర. అందులో ఫ్యాన్లదే 1200 చూశారా! మిగతావన్నీ కలిపినా మూడు వందలు లేవు.

ఇప్పుడు బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఏహెచ్ అంటే రెండూ గుణిస్తే 1800. లెడ్ బ్యాటరీని అడుగంటా వాడేస్తే తొందరగా చచ్చిపోతుంది, సగమే వాడాలి. అంటే 900. ఇన్వర్టర్ తినేది తీసేస్తే 750. మనకు కావలసింది 1455. కాబట్టి రెండు బ్యాటరీలు కావాలని కొట్టువాడు అన్నాడు. ఒక్కోటి పదిహేను వేలకి అటూ ఇటూ చెప్పాడు. మేము బ్యాటరీ వదిలేసి ఫ్యాన్ల మీద పడ్డాం. బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లే తింటుంది, మూడు వేలకు దొరికింది. రెండు ఫ్యాన్లు మార్చేసరికి 1200 కాస్తా 480 అయింది, మొత్తం 735. ఒక్క బ్యాటరీ సరిపోయింది. ఆరు వేలతో పదిహేను వేలు మిగిలాయి. లిథియం బ్యాటరీ అయితే ఎనభై శాతం పైగా వాడుకోవచ్చు, ఎక్కువ ఏళ్ళు వస్తుంది, కానీ ధర ఎక్కువ. పాత ఇన్వర్టర్ దానికి పనికొస్తుందో లేదో అడిగి తీసుకోవాలి.

ఒక కిలోవాటు ప్యానెల్ మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది. చెల్లి పెట్టుకున్నది 330 వాట్లది ఒకటి. యూనిట్టూ పాతికా వస్తుంది, బ్యాటరీ నిండుతుంది. అంత ప్యానెల్‌ను 12 వోల్టుల బ్యాటరీకి కట్టాలంటే ఎంపీపీటీ రకం కంట్రోలర్ ఉండాలి, మామూలుది పెడితే సగానికి పైగా వృథా. బిల్లు మీద ఆ మాట రాయించుకోండి. మబ్బు పట్టిన రోజు నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. తుపాను వెళ్ళిన మర్నాడు ఎండ ఉండకపోవచ్చు కదా. ఆ రోజు అత్తగారి గది ఫ్యాను, ఒక బల్బు మాత్రమే అని ఇంట్లో ముందే ఒప్పందం చేసుకున్నారు. నీళ్ళ మోటారు, ఫ్రిజ్ దీనిమీద వేయడానికి లేదు, మోటార్లు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతాయి. తుపాను కబురు రాగానే బిందెలు, డ్రమ్ములు నింపుకోవడమే.

ఇంకో మాట మన ఉద్దానం వాళ్ళకే. రేకుల ఇంటి మీద ప్యానెల్ పెట్టించకండి, రేకుతో సహా పోతుంది. శ్లాబు ఉంటేనే, బోల్టులు శ్లాబులోకి దింపి పెట్టాలి. ఒకటే ప్యానెల్ ఉంటే తుపానుకు ముందు దించి ఇంట్లో పెట్టుకోవచ్చు, ఇద్దరు మనుషులు చాలు. కానీ వెలుతురు పడుతున్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు ఉంటుంది. ముందు స్విచ్ ఆపి, పైన దళసరి దుప్పటి కప్పి, అప్పుడే వైర్లు విప్పాలి. పని తెలిసినవాళ్ళ చేతే ఒకసారి చేయించి చూడండి. బ్యాటరీని పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర పెట్టకూడదు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు అంటుకునే గ్యాసు వస్తుంది, గాలి తగిలే చోట ఉండాలి. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్ళు పోస్తే పాడవుతుంది.

మొదటి అక్క సంగతి అడుగుతారు. హైబ్రిడ్‌కు మార్చాలంటే ఇంకో లోను కావాలి, ఆవిడ వద్దంది. మామూలు ఇన్వర్టర్, ఒక బ్యాటరీ పెట్టుకుంది. లైను ఉన్నప్పుడు ఛార్జి అవుతుంది, నాలుగైదు గంటల కోతకు సరిపోతుంది. తుపాను వస్తే మాత్రం ఒక్క రాత్రే. పాత వాయిదా ఇంకా కడుతోంది. మా మీద కోపం సగం తగ్గింది.

ఇప్పుడు మా గ్రామ సమాఖ్యలో సోలార్ లోను దరఖాస్తుకు రెండు కాగితాలు జతచేయాలని తీర్మానం రాసుకున్నాం. ఒకటి ఇంట్లో ఏది ఎన్ని గంటలు కావాలో వాట్లతో లెక్క. రెండోది, "వీధి లైను పోయినప్పుడు ఈ సోలార్ పనిచేస్తుందా లేదా" అన్న ప్రశ్నకు అమ్మేవాళ్ళు సంతకం పెట్టి ఇచ్చిన జవాబు. సంతకం పెట్టనంటే తీర్మానం లేదు. ఆ లెక్క కాగితం జిరాక్సులు యాభై తెచ్చాం, భోజనాల దగ్గర మా చెల్లి చేతిలో ఉన్నాయి, విఓకు ఒకటి చొప్పున తీసుకెళ్ళండి.