గృహరక్షణము – తుపాకి



నేను ఇబ్రహీంపట్నమునందు చిరకాలము ఉపాధ్యాయవృత్తి నెఱపి విశ్రాంతి గొన్నవాఁడను. ఆయుధవిద్య నా విద్య కాదు. ఐనను కొన్ని యేండ్లుగా మా ప్రాంతపు పెద్దలు నన్నుఁ దఱచుగా నొక ప్రశ్న యడుగుచున్నారు: “పంతులుగారూ, ఇంటిలో తుపాకి యుంచుకొనుట మంచిదా? ఉంచుకొన్నచో నెట్టిది మంచిది?” ఈ ప్రశ్నకు మూలమైన భయము కల్పితము కాదు. నాగార్జునసాగరు బాట వెంట భూముల వెల పెరిగినది. పొలములు ప్లాట్లైనవి. బిడ్డలు పట్టణమునకో, సముద్రములు దాటియో పోయిరి. పెద్ద యిండ్లలో వృద్ధదంపతులు మాత్రమే మిగిలిరి. 2022 మార్చి 1వ తేదీన మా యూరికి సమీపముననున్న కర్ణంగూడ యొద్ద, భూవివాదము కారణముగా ఇరువురు స్థిరాస్తి వర్తకులు తుపాకి కాల్పులకు బలియైరి. నాఁటినుండి ఈ ప్రశ్న మఱింత గట్టిగా వినవచ్చుచున్నది.

కాని ఆ ఘోరమును నిదానముగా విచారింపుఁడు. అది యింటిలో జరుగలేదు, ఆరుబయట జరిగినది. వచ్చినవారు దోపిడికాండ్రు కారు. వారి చేతి తుపాకులు లైసెన్సు పొందినవియు కావు. ఇంటి బీరువాలో ఒక తుపాకి యున్నంతమాత్రమున ఆ మృత్యువు తప్పెడిది కాదు. భూమి తగవు ముదురకముందే కాగితములు సరిచూచుకొని న్యాయస్థానము నాశ్రయించుట, బెదిరింపు వచ్చిన నాఁడే పోలీసు ఠాణాలో వ్రాతమూలకముగాఁ దెలుపుట – అట్టి యాపదకు తగిన రక్షణ లివియే.

ఇఁక దొంగల మాట. భారతములోని సౌప్తికపర్వకథ మీరందఱు నెఱిఁగినదే. పాండవ శిబిరమున ఆయుధములకుఁ గొదువ యున్నదా? ధృష్టద్యుమ్నుఁడు సామాన్యుఁడా? ఐనను అశ్వత్థామ నడురేయి వచ్చి నిద్రించువారిపైఁ బడి వధించెను. ఆయుధము చేరువనే యున్నది, మేలుకొలుపువారు లేరు. కావున గృహరక్షణమునకు ముందుగా మూఁడు కావలెనని నా యభిప్రాయము: మేలుకొలుపునది, అడ్డగించునది, ఆదుకొనునది. తుపాకి ఈ మూఁటిలో ఏదియుఁ గాదు.

మేలుకొలుపునది మొదట కుక్క. పిదప పెరటిలో దీపము. మనిషి కదలినంతనే వెలుఁగు విద్యుద్దీపములు నేఁడు చౌకగా లభించుచున్నవి. కెమెరా మంచిదే, కాని అది యెక్కువగా దొంగతనము జరిగిన పిదప సాక్ష్యము చెప్పును. ఫోనునకు హెచ్చరిక పంపునట్టి కెమెరాయైనచో మేలు.

అడ్డగించునది తలుపు. మనవారు ముందు వాకిటికి టేకు తలుపు చెక్కించి, దొడ్డి వాకిటికి రేకు తలుపు పెట్టుదురు. దొంగ దొడ్డిదారినే వచ్చును. తాళము ఎంత గొప్పదైనను, గొళ్ళెము పొట్టి మరలతో బిగింపఁబడినచో ఒక్క పోటుతో ఊడిపోవును. పొడవైన మరలు దర్వాజా కొయ్యలోనికి లోఁతుగా దిగవలెను. లోపల అడ్డగడియ యుండవలెను. నిచ్చెనయు గడ్డపారయు పెరటిలో విడిచి నిద్రించుట దొంగకు పనిముట్లు సమకూర్చి యిచ్చుటయే. బంగారము బ్యాంకు లాకరులో నుంచినచో ఇంటికి సగము భయము తగ్గును.

ఆదుకొనునది పొరుగు. పూర్వము ఊరికి కావలికారు లుండిరి. నేఁడు 100గాని, 112గాని ఫోనులో నొత్తినచో పోలీసులు వత్తురు. వారు వచ్చులోపల రాఁగలవాఁడు పొరుగువాఁడే. సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి ప్రజలు రజాకార్ల కాలమున బురుజుపై కావలి కాచి, కలసికట్టుగా నిలిచి, దాడులను తిప్పికొట్టిరి. 1948 ఆగస్టు 27న మించిన బలము వచ్చి పడఁగా తొంబదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అంతవఱకు ఆ యూరిని కాపాడినది ఒక్కని చేతి తుపాకి కాదు, ఊరి యైకమత్యము.

ఇన్ని చేసికొన్నను, ఊరికి దూరముగా తోఁటలో నివసించుటచేతనో, ప్రాణభయము ప్రత్యక్షముగా నుండుటచేతనో, తుపాకి కావలెననువా రుందురు. వారు చట్టము నెఱుఁగవలెను. 1959 నాఁటి ఆయుధచట్టము ననుసరించి లైసెన్సు తప్పనిసరి. 21 సంవత్సరములు నిండియుండవలెను. పోలీసు విచారణ జరుగును. 2019 నాఁటి సవరణచే ఒక్కరికి రెండు తుపాకులకు మించి యుండరాదు. లైసెన్సు గడువు ఐదేండ్లు. లైసెన్సు లేక తుపాకి యుంచుకొన్నచో రెండేండ్లు మొదలు ఐదేండ్లవఱకు చెఱసాల. పెండ్లి యూరేగింపులలో సరదాకు కాల్చి యితరులను అపాయమునకు గుఱిచేయుటయు శిక్షార్హమే.

ఎట్టిది కొనవలె నన్నచో, చిన్న రివాల్వరుకంటె పన్నెండు బోరు జంటగొట్టముల తుపాకి మేలని నాకుఁ దోఁచును. పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగాఁ బోసినచో ఒక్కొక్క గుండు ఎంత లావో, ఆ గొట్టపు రంధ్ర మంత లావు. అందుచే ఆ పేరు. దానిని మడచి చూచినంతనే తూటా యున్నదో లేదో తెలియును. చిల్లరగుండ్లు రివాల్వరు గుండంత దూరము పోవు. రివాల్వరు చిన్నది గనుక పిల్లవాని చేతఁ బడుటయు, దొంగిలింపఁబడుటయు సులభము. ఏదైనను తూటాలు లేకయే ఇనుప బీరువాలో నుంచి, తూటాలు వేఱొకచోట దాఁచి, రెండు తాళపుచెవులును యజమానియే యుంచుకొనవలెను.

అట్లుంచినచో ఆపద్వేళ నది వెంటనే చేతికి రాదుగదా యని మీరందురు. నిజమే. తలుపు అడ్డగించి వ్యవధి నిచ్చిననే తుపాకి పనికివచ్చును. కనుకనే తలుపును ముందు చెప్పితిని. దిండు క్రింద నుంచిన తుపాకి దొంగకన్న ముందు మనుమనికి దొరకును. కంటిలో శుక్లములున్న వృద్ధుఁడు చీఁకటిలో గుఱిపెట్టిన ఆకారము, రాత్రి బస్సు దిగి వచ్చిన కుమారుఁడైనచో ఏమి గతి?

ఆత్మరక్షణహక్కును చట్టము మన్నించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలోను అది కలదు. కాని అవసరమునకు మించి హాని చేయరాదు. అధికారుల నాశ్రయించు వ్యవధి యున్నపు డా హక్కు లేదు. పాఱిపోవు దొంగను వెనుకనుండి కాల్చి, ఇది రక్షణమని వాదించుట కష్టము.

పెద్దలారా, ఊరి కావలియు హద్దు దాటరాదు. 2018 మే మాసమున పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతులు ఫోనులలో వ్యాపింపఁగా, మన తెలంగాణములోనే నిరపరాధులు గుంపుల చేతులలో చచ్చిరి. క్రొత్తవాఁడు కనఁబడినచో అడుగవలెను, పోలీసులకుఁ దెలుపవలెను, కొట్టరాదు.

ఈ వారమే మీ యూరిలో ఒంటరిగా నున్న వృద్ధుల పేరులు వ్రాసికొనుఁడు. ఒక్కొక్కరికి సమీపముననున్న రెండిండ్లవారి ఫోను సంఖ్యలను పెద్ద యక్షరములతో వ్రాసి వారి గోడకు అంటింపుఁడు. వారి దొడ్డి తలుపు గడియను మీరే స్వయముగా లాగి చూడుఁడు. తుపాకి మాట తరువాత నాలోచింపవచ్చును.

సెలవు.