నలకయు క్రిమియు



ఎవరి స్మృతికై మనమందరము నేడిచట కూడితిమో ఆ వైద్యవృద్ధుడు, రోగి రెప్పలు విప్పి చూచుటకు ముందు, ఆతడు క్రిందటి వారము ఏ చేనిలో పనిచేసెనో, ఏ నీట మొగము కడుగుకొనెనో అడుగుచుండెడివాడు. బయట వేచియున్నవారికి అది కాలహరణముగ తోచుచుండెను. కాని కంటిని ఆశ్రయించు పరాన్నజీవుల చరిత్రను తిరుగవేసి చూచినకొలది, ఆ ప్రశ్న అడుగని చోటులనే వైద్యము పలుమారు దారి తప్పినట్లు నాకు కనబడినది.

మనది నీటి పేర్ల సీమ. కృష్ణాతుంగభద్రల నడుమ గద్వాల నడిగడ్డ, వనపర్తి ప్రభువుల సప్తసముద్రములు, నాగర్‌కర్నూలున కేసరిసముద్రము! వాన చాలని నేలపై చెరువునకు సముద్రమని పేరు పెట్టుకొన్నవారి ఆశ ఎంతటిదో గదా! నీరు ప్రాణమును పోసినట్లే పురుగునుకూడ మోసెను. తెలుగునాట దిగుడుబావులలో కాళ్లు మోపి నీరు ముంచుకొన్న రోగి పుండునుండి నారికురుపు పురుగు తన పిల్లలను నీట విడుచుచుండెను; వానిని మ్రింగిన సూక్ష్మమైన నీటిపురుగులతోకూడ ఆ నీరు త్రాగినవాని కాలిలో ఏడాదికి మరల పురుగు తల చూపుచుండెను. దానిని పుల్లకు చుట్టి దినమునకు కొంతగా లాగుటయే పెద్దలెరిగిన చికిత్స. వడగట్టు గుడ్డయు బోరింగులును ఆ వ్యాధిని దేశమునుండి పారద్రోలినవి. 1996లో కడపటి రోగి కనబడెను; 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపత్రమిచ్చెను. అది కంటికి కనబడు పురుగు గనుక జనులు నమ్మిరి. కనబడనిదాని కథ వేరు.

సుశ్రుతుడు ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను లెక్కించి, రెప్పయు వెండ్రుకలును కలియు చోట దురద పుట్టించు క్రిమిగ్రంథిని వానిలో చేర్చెను. కంటి అడుగుభాగమునందలి క్రిమిని చూచుటకు మాత్రము 1851లో హెల్మ్‌హోల్ట్జ్ నేత్రాంతర్దర్శినిని ప్రకటించువరకు వేచియుండవలసివచ్చెను. అటుపిమ్మట కొలదికాలముననే బెర్లిన్ వైద్యుడు గ్రేఫె, బద్దెపురుగు పిల్ల ప్రాణముతో కంటిలో కదలుచుండుట గాంచెను. ఆ పురుగు గుడ్లు మలినహస్తములవలనను, కడుగని కూరాకువలనను కడుపు చేరును గనుక శాకాహారులకును అభయము లేదు. కంటి కండరములలో నది నిలిచినచో ఆల్బెండజోలును స్టెరాయిడ్‌తో కలిపి ఇత్తురు. గ్రుడ్డులోపల నున్నచో శస్త్రముతోనే వెలికి తీయుదురు, ఏలయన అచట చచ్చిన పురుగు బ్రతికిన పురుగుకంటె ఎక్కువ కీడు చేయును.

ఇక నేను ముఖ్యముగ చెప్పదలచినది అకాంతమీబాను గూర్చి. 1930లో కాస్టెల్లాని ఈ జాతి అమీబాను గుర్తించెను. మట్టిలో, బావిలో, కాలువలో ఎచటనైనను ఇది బ్రతుకును. ఆహారము కరవైనపుడు రెండు పొరల కోశములో ముడుచుకొని నెలలతరబడి నిద్రించును. ఇది కన్నును చెరచుననుట 1973లో దక్షిణ టెక్సాస్ పశుపాలకు డొకని గాయపడిన కంటివలన తెలిసినది. మరుసటి యేట ఇంగ్లండునుండి మరి రెండు ఉదంతములు ప్రకటింపబడెను. తొలిరోగి నేలను నమ్ముకొనిన మనిషి యనుట గమనింపదగును. కాని 1980 దశకమున పాశ్చాత్యదేశములలో కాంటాక్టు లెన్సులు ధరించువారికి ఈ వ్యాధి మెండుగా సోకగా, గ్రంథములు దీనిని లెన్సుల వ్యాధిగా వ్రాసికొనినవి. లెన్సు మొగము చూడని మన రైతును ఎవరును శంకింపరైరి. హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థకు చెందిన సావిత్రీ శర్మ, ప్రశాంత్ గర్గ్, గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారలు 2000లో ప్రకటించిన వ్యాసము లెన్సులు లేని రోగులను గూర్చినదే.

మన విత్తనపత్తి చేలలో పువ్వు పువ్వును చేతితో సంకరము చేయు కూలికి కొమ్మ గీచుకొనిన దనుకొనుడు. చీర చెంగుతో ఆవిరి పట్టుట, తల్లిపాలు, ఆకు పసరు మొదట. పిదప మందుల దుకాణమున స్టెరాయిడ్ చుక్కలు. రెండు దినములు ఎరుపు తగ్గును, దానిని మేలని భ్రమింతురు. లోపల క్రిమి పెరుగును. చూడబోయిన పుండు చిన్నది, బాధ భరింపరానిది: ఈ పొంతనలేమి యొకటి, నల్లగ్రుడ్డుపై వలయాకారపు మచ్చ మరియొకటి వైద్యుని హెచ్చరింపవలెను. అయినను పెక్కుమారు హెర్పీస్ అనియో, శిలీంధ్ర మనియో పొరబడుట కలదు. పుండ్లలో అధికభాగము శిలీంధ్రములవలననో బాక్టీరియావలననో కలుగునుగనుక ఆ పొరబాటును నేను తీవ్రముగ నిందింపజాలను.

పుండును గీకి తీసిన కొలదిపాటి మచ్చును పలకపై నుంచి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూచిన, ఆ రెండు పొరల కోశములు పెక్కుమారు బయటపడును. సారములేని అగార్‌పై ఇ. కోలై పరచి ఆ మచ్చును నాటిన, అమీబా వానిని మేయుచు పోయినదారిని చాళ్లవలె విడుచును. నాగలి దున్నిన పొలమువలె నుండును. వనపర్తి, నాగర్‌కర్నూలు వైద్యకళాశాలలు 2022 నవంబరు 15న ప్రారంభమైనవి. ఈ పరీక్షకు రోగి ఇక రాజధానిదాక పోవలసిన పని లేకుండవలెను.

వానకాలమున కంటికి సోకు మైక్రోస్పోరిడియా అను మరియొక క్రిమివలని వ్యాధి పెక్కుమారు తనంత తానే తగ్గును, అకాంతమీబా వ్యాధి అట్లు కాదు. వందపాళ్లలో 0.02 పాళ్ల క్లోర్‌హెక్సిడిన్ లేక పి.హెచ్.ఎం.బి. చుక్కలను తొలిదినములలో రాత్రింబవళ్లు గంటగంటకును, పిదప నెలలపాటును వేయవలెను. కోశములు మొండివి గనుక బాధ తీరెనని మానిన మరల లేచును. నల్లగ్రుడ్డుపై పువ్వు, అనగా మచ్చ, మిగిలినచో మరియొకరి నల్లగ్రుడ్డు పొరను అతుకుదురు. కాని క్రిమి ప్రాణముతో నుండగా అతికిన కొత్త పొరనుకూడ అది తినవచ్చునని, వీలైనంతవరకు పుండు చల్లబడువరకు ఆగుదురు.