నొప్పి గోలీ కొనే ముందు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మందుల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. కోఠిలో ముప్పై ఏళ్లుగా మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ణి. అన్ని మందుల సంగతీ ఎత్తుకుంటే భోజనాలు చల్లారిపోతాయి. ఒక్కటే చెబుతాను. మన బ్యాచ్‌లోనే నాకు తెలిసి ముగ్గురు బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నారు. మీ ఇళ్లలోనూ ఉండి ఉంటారు. వాళ్లకు ఒళ్లు నొప్పి వస్తే ఏ గోలీ వేసుకోవాలి?

ఆ ముగ్గురిలో ఒకడు, పేరు చెప్పొద్దన్నాడు, కథ మాత్రం చెప్పమన్నాడు. గ్యాస్ట్రిక్ బైపాస్ అయిన రెండేళ్లకు మోకాళ్ల నొప్పి అంటూ నా షాపుకొచ్చాడు. బరువు తగ్గినంత మాత్రాన అరిగిన మోకాలు కొత్తదైపోదు కదా. పాతరోజుల నుంచీ వాడే గోలీయే అడిగాడు, ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిసినది. చీటీ లేదు. చిన్ననాటి దోస్తు, అడిగాడు, ఇచ్చేశాను. ఆపరేషన్ సంగతి నాకు తెలుసు, ఆస్పత్రికి వెళ్లి చూసొచ్చినవాణ్ణే. అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు. అలా నెలల తరబడి పట్టీల మీద పట్టీలు తీసుకెళ్లాడు. ఒకరోజు తారులాంటి నల్లటి విరేచనం అయి, కళ్లు తిరిగి పడిపోయాడు. ఎండోస్కోపీలో చూస్తే అతుకు దగ్గర పుండు. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు కాబట్టి నేనీ మాట చెప్పగలుగుతున్నాను.

బైపాస్‌లో కడుపు పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకునే శక్తి ఆ పేగుకు తక్కువ. కడుపు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రాక్సెన్, మెఫెనమిక్ ఆసిడ్, ఆస్పిరిన్ తగ్గించేస్తాయి. ఆస్పిరిన్ పనిచేసే ఈ తీరును జాన్ వేన్ 1971లో కనిపెట్టాడు. అందుకే అతుకు దగ్గర పుండు పడుతుంది. పొగ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

"ఇంజెక్షన్ అయితే కడుపులోకి పోదు కదా" అని చాలామంది అడుగుతారు. పోనక్కర్లేదు, రక్తంలోంచే ఆ పని చేస్తుంది. గ్యాస్ గోలీ కలిపి మింగినా ముప్పు తగ్గుతుందేమో గానీ పోదు.

"సేఫేనా అన్నా?" అన్న ప్రశ్న కోఠికి కొత్తది కాదు. మన ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ పెద్ద ఎడ్వర్డ్ లారీ 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో క్లోరోఫామ్ కమిషన్లు నడిపించాడు. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు నేరుగా ప్రమాదం లేదని తేల్చారు. అది గుండెనూ ఆపగలదని తర్వాత తేలింది. అంతటివాళ్లే పొరబడినప్పుడు కౌంటర్ దగ్గర నేను తలూపిన "సేఫే" ఎంతటిది!

ఆపరేషన్ అయినవాళ్లకు మామూలుగా చెప్పేది పారాసెటమాల్. డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ అదే. అట్ట మీద పారాసెటమాల్ ఒక్కటే ఉందో లేదో చదవండి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ ఉంది, డిస్ప్రిన్ ఆస్పిరినే. పేరు చివర 'పి' అని ఉన్నవాటిలో చాలావరకు పారాసెటమాల్‌తో పాటు ఇంకోటి దాక్కుని ఉంటుంది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠం. డాక్టర్ని అడగకుండా వేసుకునేవాళ్లు 650 గోలీలు నాలుగు దాటొద్దని, మూడు రోజులు మించొద్దని నేనంటాను. కాలేయం బాగోకపోయినా, మద్యం అలవాటున్నా ముందే అడగాలి. జలుబు గోలీల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపండి.

స్లీవ్ చేయించుకున్నవాళ్లకు పేగు అతుకు ఉండదు కాబట్టి కొందరు సర్జన్లు కొద్దిరోజులకు వేరే గోలీకి ఒప్పుకుంటారు. ఆ నిర్ణయం సర్జన్‌ది, నాది కాదు. గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు నా మాట విని ఆపేయకండి, మీ గుండె డాక్టర్నీ సర్జన్‌నీ ఇద్దర్నీ అడగండి. పైపూత జెల్ ఒంట్లోకి తక్కువే చేరుతుంది, అయినా అదీ అడిగే వాడండి. పంటి డాక్టరు దగ్గరికెళ్తే నోరు తెరవగానే మొదట చెప్పాల్సింది ఆపరేషన్ సంగతే. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, పైకడుపులో ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వస్తే నా షాపుకు రావద్దు, నేరుగా ఆస్పత్రికి పొండి.

డైక్లోఫెనాక్ లాంటివి చట్టం ప్రకారం చీటీ మీదే ఇవ్వాలి. మేం ఇచ్చేస్తున్నాం, మీరు కొనేస్తున్నారు. ఆ సంఘటన తర్వాత మా కౌంటర్ మీద ఒక అట్ట పెట్టాను: "కడుపు ఆపరేషన్ అయిందా? చెప్పండి." కొందరు నవ్వుతారు, కొందరు చిరాకు పడతారు. వారంలో ఒకరిద్దరు మాత్రం అయిందంటారు.

టీ విరామంలో వెనక బెంచీ దగ్గర కూర్చుంటాను, అప్పట్లో నా చోటు కూడా అదే. మీ సంచుల్లో ఉన్న గోలీ పట్టీలు తీసుకురండి, కలిసి చదువుదాం.