లెక్కకెక్కని రోగులు

మతిభ్రమణము మొదలగు తీవ్ర మానసిక వ్యాధులు పట్టణవాసుల జబ్బులనియు, పల్లెపట్టుల పేదలకు అంతగా రావనియు పలువురు నమ్ముదురు. ఈ నమ్మకమున నిజమెంత?

ముందు ఒక భేదము గుర్తింపవలెను. చెరువులో నిలిచిన నీరు వేరు, ఏటేట వచ్చి చేరు నీరు వేరు. అట్లే ఒక ప్రాంతమునందలి రోగుల మొత్తము వేరు. ఒక్క సంవత్సరములో క్రొత్తగా వ్యాధి పొందినవారి సంఖ్య వేరు. వ్యాధి కారణములు వెదకువారికి ఈ రెండవ సంఖ్యయే ముఖ్యము. ఆసుపత్రి పుస్తకములు చూచి దానిని కట్టుట పరిపాటి. మరి ఆసుపత్రికి రానివారి మాటేమి?

నల్లమల అంచునున్న మన ఆత్మకూరునే తీసికొందము. ఇరువదేండ్ల పిల్లవాడు నిద్రమాని, తనలో తాను మాటలాడుకొనుచు, ఎవరో తన్ను చంపవచ్చుచున్నారని వణకినచో, ఇంటివారు గాలి సోకినదందురు. తాయెత్తు కట్టింతురు, దర్గాలోనో దేవళములోనో నిద్ర చేయింతురు. నెలలు గడచును, ఏండ్లు గడచును. అంతవరకు ఆ పిల్లవాడు ఏ లెక్కకును ఎక్కడు.

ఈ లోపము తీర్చుటకే 2018 మొదలు 2020 వరకు తమిళనాడులోని కాంచీపురము జిల్లాలోను, నైజీరియాలోని ఇబాదాను నగరములోను, ట్రినిడాడు ద్వీపపు ఉత్తర భాగములోను పరిశోధకులు ఒక గణన జరిపిరి. వైద్యశాలలతో తృప్తిపడక, నాటువైద్యులను, మతగురువులను, ఊరిలో అందరినెరిగిన పెద్దలను కూడ విచారించిరి. వయోజనులు లక్షమందికి ఏటా క్రొత్త రోగులు కాంచీపురమున సుమారు 21, ఇబాదానులో 14, ట్రినిడాడులో 36 మంది యని 2023లో ప్రకటించిరి. సంఖ్యలు వేరైనను, ఆ మూడింట వ్యాధి లేని తావు లేదు. కాంచీపురపు లెక్క మనకు అచ్చముగా సరిపోవునని చెప్పరాదు. అందు సగమే యనుకొన్నను, లక్షమంది వయోజనులున్న చోట ఏటా పదిమంది! వారెక్కడ ఉన్నారు?

వారికి చికిత్స కలదు. ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. మన పొరుగున బళ్ళారి జిల్లాలో 1980 తరువాతి దశకమున బెంగుళూరు మానసిక వైద్యసంస్థవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకే శిక్షణ నిచ్చి, పల్లెలోనే ఈ వైద్యము సాధ్యమని చూపిరి. రోగిని గొలుసులతో కట్టుటను 2017 నాటి చట్టము నిషేధించినది. 14416 సంఖ్యకు టెలిఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును.

దేవునికి మ్రొక్కుకొనుడు, వలదనువారెవరు? కాని మ్రొక్కుకొన్న దినముననే వైద్యునికి కూడ చూపుడు.