పండుగ విస్తరి – వాకిటి కుక్క

భారతమున ఆదిపర్వ కథారంభమునందే ఒక కుక్క కలదు. జనమేజయుని యాగశాలకు ఆడుకొనుచు వచ్చిన సరమ కొడుకును రాజసోదరులు కొట్టిరి. తప్పు చేయని పిల్లను ఏల కొట్టితిరని సరమ వచ్చి రాజునే అడిగినది. వైశ్వదేవమునందు శునకమునకు బలిభాగ ముంచుటయు గృహస్థధర్మమే. కావున పెట్టవలెననుటలో వివాదము లేదు. ఏమి పెట్టవలెననునదే నేటి విచారము.

అనంతపురపు మెట్టసీమలో గొఱ్ఱెలమందకు కుక్కయే కాపు. రాత్రివేళ తోడేలు జాడ ముందుగా పసిగట్టునది అదియే. ఉగాదినాడు దానికొక ఓళిగముక్క వేయుదుము. తోక యాడించును, మనకు ముచ్చట. చిన్నముక్కకు ప్రాణము పోదు గాని, నేయి బెల్లము మెండైనచో కడుపు చెడును. భయపడవలసినవి వేఱు. ఉల్లియు వెల్లుల్లియు, పచ్చివైనను ఉడికినవైనను, కుక్కనెత్తురులోని ఎఱ్ఱకణములను చిదుపును. ఆ దోషము కొన్ని దినములకు గాని బయటపడదు. పాయసములోని ఎండుద్రాక్ష మూత్రపిండములను చెఱచును. ఇందుకు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లము కారణము కావచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు సూచించిరి. ఆ ఆమ్లము చింతపండులోను మెండు! హిందూపురపు చింతపండు సంత నెఱిగిన మనము ఈ మాట చెవినిడక తప్పదు. పులిహోర కుక్కకు వలదు.

అన్నిటికంటె మన సీమకు దగ్గఱి అపాయము వేరుశనగలో నున్నది. కాయ ఊరువేళ వాన మొగము చాటుచేసినచో, నేలలో నుండగనే గింజకు ఒక బూజు పట్టును. అఫ్లటాక్సిన్ అను విషము దానినుండియే పుట్టును. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినపుడు, వాని మేతలోని వేరుశనగపిండిని పరీక్షింపగా ఈ విషము తెలియవచ్చినది. పండుగకు ఉండలు కట్టునపుడు మనము చేయు పని యేమి? మంచిగింజ మనము తీసికొని, ముడుచుకొన్నదియు నల్లబడినదియు వాకిట పాఱవైతుము. విషము మెండుగా నుండునది ఆ ఏఱివేతలోనే! వేయించినను పూర్తిగా పోదు. అది తిన్న కుక్కకు కాలేయము చెడి, తిండి మాని, కన్నులు పచ్చబడును. ఆ గింజలు కోళ్లకును వేయరాదు, గోతిలో పూడ్చిపెట్టుడు.

మాంసము వండు ఇండ్లలో నింకొకటి: ఉడికిన ఎముక పేళ్లుగా విఱిగి ప్రేగును చీల్చును. కావున ఉప్పుకారములు పడకమునుపే, తాళింపునకు ముందే, దాని పాలు వేఱుగా తీయుడు. రాగిసంగటియో, తెల్లన్నమో, ఎముకలేని ఉడికిన మాంసమో చాలును. ప్రక్కన చట్టితో నీళ్లుంచుడు. పట్నపు మనుమలు తెచ్చు చాకొలెట్టు మాత్రము బొత్తిగా అందనీయకుడు. ఎంగిలాకులలో ప్లాస్టిక్ సంచులు కలుపకుడు. కూటివాసనకు సంచినే మింగును.

కుక్క వాంతులు చేసికొని సోలినచో ఉప్పునీళ్లు పోసి కక్కింపవలదు. ఏమి తిన్నదో, ఎప్పుడు తిన్నదో గుర్తుంచుకొని వెంటనే పశువైద్యశాలకు గొనిపోవుడు.