పట్టు ఎక్కడ పుడుతుంది?

రాజ్యాంగాలు చదివే మనం వాటిని పుట్టిన తరవాతే పట్టించుకుంటాం. అధికరణాలు, తీర్పులు, సవరణలు మన చర్చల్లో నిత్యం నలుగుతాయి. అంతకు ముందు ఒక దశ ఉంది. విడివిడిగా ఉన్న ప్రభుత్వాలు ఒకే రాజ్యాంగం కిందికి రావాలా వద్దా అని బేరానికి కూర్చునే దశ అది. ఆ బేరానికి ప్రతి ప్రభుత్వమూ ఒక పట్టుతో వస్తుంది: ఇది వదలం, అది కావాలంటే ఇస్తాం, మూడోది తరవాత చూద్దాం. ఆ పట్టు ఎక్కడ పుట్టిందన్నదే నా ప్రశ్న. ఈ ప్రశ్నను ఇలాంటి సభల్లో చాలా ఏళ్లుగా వేస్తున్నాను. అది పక్కదారి ప్రశ్న అన్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టిన రోజున కూడా నేను దాన్నే పట్టుకుంటాను, ఎందుకంటే మన రంగంలో మిగతా ప్రశ్నలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయని నా నమ్మకం. నా జవాబు ఇది: పట్టు బేరం జరిగే చోట పుట్టదు, ఏలిక మనసులోనూ పుట్టదు. ఇంట్లో ఎవరు కాదంటే పని ఆగిపోతుందో, వాళ్ల చుట్టూ పుడుతుంది.

తెలుగు నేల మీద దీనికి హైదరాబాదును మించిన నిదర్శనం లేదు. 1931 లెక్కల్లో కోటీ నలభై నాలుగు లక్షల జనం, సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైల్వే, సరిహద్దుల్లో కరోడ్‌గిరి సుంకం ఉన్న సంస్థానం అది. 1930 చివర లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో సమాఖ్య మాట వచ్చినప్పుడు హైదరాబాదు ప్రతినిధివర్గానికి నాయకుడు సర్ అక్బర్ హైదరీ. ఆయన సమాఖ్యకు తలుపు మూయలేదు. బ్రిటిష్ పాలనలో ఉన్న బేరార్‌పై హక్కు, నాణెం, సుంకాలు, రైల్వే మీద అధికారం కాపాడుకుంటూ చేరే మార్గం వెతికాడు. 1936లో బేరార్ ఒప్పందం కూడా కుదిరింది. 1939 జనవరిలో వైస్రాయి సవరించిన ప్రవేశ పత్రాన్ని పంపాడు. ఆ జూన్‌లో బొంబాయిలో కూడిన సంస్థానాధీశులు, మంత్రులు ఆ షరతులు సరిపోవన్నారు. ఆ తీర్మానం వెనక కసరత్తు చేసినవాళ్లలో ముందువరసలో ఉన్నది అదే హైదరీ. ఏలిక మారలేదు, మంత్రి మారలేదు. నిజానికి 1937 నుంచి హైదరీ సదర్-ఎ-ఆజం (ప్రధాని), అంటే 1930లో కంటే అధికారం ఎక్కువ. మారినది ఇల్లు. 1930లో హైదరాబాదులో సమాఖ్య గురించి ప్రభుత్వాన్ని నిలదీసే సంఘటిత శక్తి దాదాపు లేదు. 1938 సెప్టెంబరుకల్లా స్టేట్ కాంగ్రెస్ మీద నిషేధం పడింది, అక్టోబరులో సత్యాగ్రహం మొదలైంది, ఆర్యసమాజ ఉద్యమం జైళ్లు నింపింది, మరోవైపు బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ బలపడింది. సమాఖ్యలో చేరితే శాసనసభలో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న వీధిలోకి వచ్చేసింది. అప్పటిదాకా సుంకాలు, నాణేల లెక్కగా సాగిన బేరంలోకి ఇంటి అధికారం ఎవరిదన్న భయం వచ్చి చేరింది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. 1939లో కాదన్నది హైదరాబాదు ఒక్కటే కాదు, చాలా సంస్థానాలు కాదన్నాయి. కాబట్టి కారణం షరతుల్లో ఉంది గానీ హైదరాబాదు వీధుల్లో లేదంటారు. ఈ మాటలో కొంత నిజముంది. ఆ ఏడాది రాజ్‌కోట్‌లోనూ మరికొన్ని చోట్లా జరిగిన ఆందోళనలు సంస్థానాలన్నిటినీ బెదరగొట్టాయి. కానీ ఆ మాట నా వాదనను కూల్చదు, మరింత విస్తరిస్తుంది. ఒక్కో సంస్థానంలో ఒక్కో రూపంలో అదే భయం పుట్టింది, అది బొంబాయిలో ఒక్క తీర్మానంగా బయటికొచ్చింది. షరతులు చెడ్డవి కాబట్టే కాదన్నారంటే, అదే షరతులను 1936లో ముందుంచి ఉంటే ఏమనేవారో చెప్పాలి. చెప్పకుండా పత్రంలోని అక్షరాలనే కారణంగా చూపించడం మన రంగంలో పాతుకుపోయిన అలవాటు.

ఈ అలవాటు ఎంత తప్పుదారి పట్టిస్తుందో 1947 చూపిస్తుంది. ఆ అక్టోబరులో భారత ప్రభుత్వంతో చేసుకోవాల్సిన యథాతథ ఒప్పందం ముసాయిదాను నిజాం కార్యనిర్వాహక మండలి మూడు రోజులు చర్చించి, ఆరుగురు అవునని ముగ్గురు కాదని ఆమోదించిందని సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మెనన్ రాశాడు. నిజాం కూడా సరేనన్నాడు. ఢిల్లీకి ప్రతినిధివర్గం బయలుదేరాల్సిన తెల్లవారుజామున ఇత్తెహాద్ జనం ఆ వర్గంలోని ప్రధాని ఛతారీ నవాబు, న్యాయ సలహాదారు మాంక్టన్, సుల్తాన్ అహ్మద్ ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ప్రతినిధివర్గం రాజీనామా చేసింది, కొత్త బృందం వెళ్లింది, నవంబరు 29న సంతకం పడింది. సంతకమైన పత్రానికి అక్టోబరు ముసాయిదాకు ముఖ్యాంశాల్లో పెద్ద తేడా లేదు. పత్రాన్ని మాత్రమే చదివే పండితుడికి ఆ నెల రోజులూ ఏమీ జరగనట్టే కనిపిస్తాయి. కానీ ఆ నెలలో ఛతారీ పోయి మీర్ లాయక్ అలీ వచ్చాడు. సంతకాన్ని అమలు చేయాల్సిన చేతులు మారిపోయాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య దాకా జరిగినదంతా ఆ చేతుల కథే. పట్టు కాగితం మీద అలాగే ఉంటూ మనుషుల్లో మారిపోగలదని, దాన్ని చదవడానికి కాగితం చాలదని దీన్ని బట్టి నేను అంటాను. పటేల్ సంకల్పంతోనో నిజాం మొండితనంతోనో ఈ కథ ముగించే మిత్రుల పుస్తకాలు మన గ్రంథాలయాల్లో అరలకొద్దీ ఉన్నాయి. ఆరుగురు, ముగ్గురు అన్న ఆ చీలిక మీద ఎన్ని అధ్యాయాలున్నాయో వారే లెక్కపెట్టి చెప్పాలి.

పాశ్చాత్య సిద్ధాంతం తెలియక ఇలా మాట్లాడుతున్నానని కొందరు యువ పరిశోధకులు అనుకోవచ్చు. రాబర్ట్ పట్నం 1988లో చెప్పిన రెండంచెల ఆట, అంటే బయటి బేరమూ ఇంట్లో ఒప్పించడమూ ఒకేసారి ఆడే ఆట, మీకందరికీ తెలిసిందే. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్లన్నారు. అయితే పట్నం కంటే ముందే థామస్ షెల్లింగ్ దీన్ని తిరగేశాడు: ఇంట్లో చేతులు కట్టేసి ఉన్నవాడే రచ్చలో ఎక్కువ రాబట్టగలడు, మావాళ్లు ఒప్పుకోరని చెప్పగలడు కాబట్టి. హైదరాబాదు విషయంలో ఈ రెండూ సగం సగమే పనిచేశాయి. ఇత్తెహాద్ ఒప్పుకోదన్న మాట ఢిల్లీ నుంచి కొత్త షరతులు పెద్దగా రాబట్టలేదు. ఆ మాటను వాడుకోబోయినవాళ్లను ఆ మాటే మింగేసింది. ఇంట్లో కాదనేవాడు ప్రభుత్వం చేతిలో పావుగా ఉన్నంతవరకే షెల్లింగ్ లెక్క నిజం. ఆ పావు తానే ఆటగాడైతే లెక్క తప్పుతుంది.

యూరప్‌లో ఇదే శాంతియుతంగా జరిగింది. 2003 డిసెంబరులో బ్రస్సెల్స్‌లో ఉమ్మడి రాజ్యాంగం ఆగిపోయింది. నీస్ ఒప్పందం మంత్రుల మండలిలో తమకిచ్చిన 27 ఓట్లను స్పెయిన్, పోలండ్ వదలనన్నాయి. జర్మనీకి ఉన్నవి 29. 2004 మార్చి ఎన్నికలతో స్పెయిన్‌లో ప్రభుత్వం మారింది, జూన్‌లో ఒప్పందం కుదిరింది. మూడు నెలల్లో స్పెయిన్ జనాభా మారలేదు, ఆర్థిక ప్రయోజనాలూ మారలేదు. తరవాత 2005 మేలో ఫ్రాన్స్, జూన్‌లో నెదర్లాండ్స్ ఓటర్లు ఆ రాజ్యాంగాన్నే తిరస్కరించారు. ప్రభుత్వాల ఉపన్యాసాలను అంకెల్లోకి మార్చి పట్టికలు గీసే మిత్రుల శ్రమను నేను గౌరవిస్తాను. కానీ ఉపన్యాసం పట్టు పుట్టిన తరవాత వచ్చే మాట. అది పుట్టిన గదిలోకి పట్టిక వెళ్లలేదు.

ఇప్పుడు మన ఇంటికొస్తాను. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికను ప్రాంతీయ వివాదంగా చదవడం మనకు అలవాటైపోయింది. నేను దాన్ని రాజ్యాంగ బేరంగా చదవమంటున్నాను. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రం తమకు దక్కక సీమవాళ్లకు తగిలిన దెబ్బ 1937 నాటికి ఇంకా పచ్చిగానే ఉంది. సీడెడ్ జిల్లాలన్న పేరు వదిలి రాయలసీమ అనుకోవడం 1928 నంద్యాల సభల నుంచి వచ్చింది, ప్రత్యేక మహాసభ 1934లో పెట్టుకున్నారు. కోస్తా నాయకులకు ఆంధ్ర రాష్ట్రం కావాలి. సీమ కలిసి రాకపోతే మీలో మీకే పొత్తు లేదని మద్రాసు ప్రభుత్వం అనగలదు. సీమకున్న బలమంతా ఆ ‘కలిసి రాకపోవడం’లోనే ఉంది. 1937 నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కుదిరిన షరతులు ఆ బలానికి దక్కిన ధర: అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, పదేళ్లపాటు తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో సీమకు ముందు వాటా, శాసనసభలో జిల్లాల ప్రాతిపదికన సమాన స్థానాలు, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో ఎంచుకునే హక్కు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివారు సంతకం పెట్టారు. ఆ సంతకాలకు చట్టబలం లేదని అందరూ అంటారు. అసలు లోపం అది కాదు. కాదనే శక్తి రాష్ట్రం ఏర్పడేదాకే పనిచేస్తుంది. ఏర్పడ్డాక కూడా కాదనగల సంస్థ ఏదీ ఆ ఒడంబడికలో లేదు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 1956లో రెండూ హైదరాబాదుకు పోయాయి. ఆ ఏడాది ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు హామీలిచ్చింది. ఆంధ్ర పక్షాన సంతకం చేసినవారిలో అనంతపురం మనిషి నీలం సంజీవరెడ్డి ఉన్నారు. ఆయన్ను నిందించడం నా ఉద్దేశం కాదు. ఆంధ్ర రాష్ట్రంలో చేరిన తరవాత కాదంటే పని ఆగిపోయే స్థానంలో సీమ ఎక్కడా లేదు, అందుకే దాని మాట ఆ బేరంలో వినబడలేదు. కాదనగలిగితే ఒక్క మనిషి ఏం చేయగలడో చూడాలంటే 1949 మద్రాసు రాష్ట్ర విభజన సంఘంలో మద్రాసు నగరం మీద ప్రకాశం పంతులు రాసిన అసమ్మతి పత్రం చూడండి. ఆ ఒక్క పత్రంతో ఏకాభిప్రాయం పోయింది, ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు వెనక్కి జరిగింది.

సీమ దేశం కాదు, దానికి ప్రభుత్వం లేదు, కాబట్టి ఈ పోలిక చెల్లదంటారు. ప్రభుత్వం లేకపోవడం వల్లే ఈ ఉదాహరణ విలువైనదని నా జవాబు. ప్రభుత్వం ఉన్నచోట పట్టు ఎవరిదన్న ప్రశ్నను ఆ మాటే కప్పేస్తుంది. హైదరాబాదు నిర్ణయించింది, స్పెయిన్ నిర్ణయించింది అని రాసేస్తాం. రాయలసీమ నిర్ణయించిందని రాయబోతే కలం ఆగుతుంది, ఎవరు నిర్ణయించారని అడగక తప్పదు. ఆ అడగడం అలవాటైతే హైదరాబాదు గురించీ అలాగే అడుగుతాం.

చిత్తూరు జిల్లాకు ఈ ప్రశ్న మరీ దగ్గరది. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు తెచ్చి కలిపి చేసిన జిల్లా ఇది. సీమవాళ్లు సీడెడ్ జిల్లాల జ్ఞాపకంతో మాట్లాడితే ఆనాటి జిల్లాలో సగం ఆ జ్ఞాపకంలో లేదు. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్ సూత్రం ప్రకారం, గ్రామం కొలమానంగా తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసుకు వెళ్లింది, పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి వచ్చిన గ్రామాలతో సత్యవేడు ఏర్పడింది. రెండు ప్రభుత్వాల మధ్య జరిగిన ఆ బేరంలో ఈ జిల్లా పట్టు ఎవరిది? కలెక్టరు కచేరీదా, హైదరాబాదు సచివాలయానిదా, ఆ గ్రామాల కరణాలదా?

ఇలాంటి ప్రశ్నలకు జవాబులు కాగితాల్లో వెతకాలి. తిరుమల శాసనాలను దేవస్థానంవారు 1930లలో సంపుటాలుగా అచ్చేశారు కాబట్టి విజయనగర రాజుల దానాలు ఏ తేదీన ఏ గుడికి చేరాయో మనకు తెలుసు. ఇరవయ్యో శతాబ్దపు పాలనా కాగితాలకు ఆ భాగ్యం పట్టలేదు. 1948 ఫిబ్రవరిలో భారత రాజ్యాంగ ముసాయిదా అచ్చయ్యాక రాష్ట్ర ప్రభుత్వాలు అభిప్రాయాలు రాసి పంపాయి. రాజ్యాంగ రచన మీద బి. శివరావు కూర్చిన సంపుటాల్లో వాటి చివరి రూపాలు చూస్తాం. మద్రాసు సచివాలయంలో ఆ అభిప్రాయం మీద ఏ శాఖ ఏమని నోటు రాసిందో, ఎవరి నోటు కొట్టేశారో చూడాలంటే ఫైలు తిరగేయాలి. నిజాం ప్రభుత్వ కాగితాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలో ఎక్కువ ఉర్దూలో ఉన్నాయి. ఉర్దూ రాకుండా హైదరాబాదు రాజకీయం మీద పట్టా తీసుకోవడం ఇక ఆపాలి. ఇంగ్లీషు ఉత్తరాల్లో హైదరీ బ్రిటిష్‌వాళ్లతో చెప్పినది దొరుకుతుంది. ఆయన ఇంట్లోవాళ్లతో ఏం చెప్పాడో దొరకాలంటే ఆ రెండో భాష కావాలి.

మరొక్క విన్నపం. తిరుత్తణి వైపు వెళ్లిన గ్రామాలనూ సత్యవేడు వైపు వచ్చిన గ్రామాలనూ పక్కపక్కన పెట్టి, ఏ గ్రామం నుంచి ఏ అర్జీ ఏ కచేరీకి వెళ్లిందో, దాని మీద ఎవరు ఏం రాశారో తేదీల వారీగా కూర్చే పని ఇద్దరు ముగ్గురు పరిశోధకులకు నాలుగైదేళ్ల పని. ఒకరికి తమిళం రావాలి. చెన్నై, హైదరాబాదు, చిత్తూరు మూడు చోట్లా కూర్చోవాలి. ఈ సదస్సు ముగిసేలోగా ఆ పనికి పేర్లిచ్చేవాళ్లు ఉంటే, వారికి నా దగ్గరున్న నోట్సు అంతా ఇస్తాను.