టైమింగు బెల్టు, నీటిపంపు
మోటారుకారు ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగులోపల, కవాటములను తెరచి మూయు క్యాంషాఫ్టు సరిగా ఒక్క చుట్టు తిరుగవలయును. ఈ లయను కాపాడుటకు పూర్వము ఇనుపగొలుసులు గాని పళ్ళచక్రములు గాని ఉండెడివి; 1962లో జర్మనీదేశపు గ్లాస్ 1004 కారుతో పళ్ళుగల రబ్బరు బెల్టు విపణిలోనికి వచ్చినది. చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు. ఆయువు మాత్రము పరిమితము. కవాటములును పిస్టనులును ఒకే తావును పంచుకొను ఇంజనులలో బెల్టు తెగెనా, అవి ఢీకొని కవాటములు వంగిపోవును.

పెక్కు కార్లలో నీటిపంపును తిప్పునదియు ఈ బెల్టే. రెంటికిని విప్పవలసిన కవచములు, పుల్లీలు అవియే గనుక, పంపును, బెల్టు బిగువును నిలుపు టెన్షనరును కూడ అప్పుడే మార్చుట వివేకము. పాతపంపు కారి కొత్తబెల్టును తడిపినచో శ్రమయంతయు వృథా.

ఇంట చేయదలచినవారు ఇంజను చల్లారిన పిదప బ్యాటరీతీగను విప్పి, ఇంజనును చల్లబరచు ద్రవమైన కూలంటును పాత్రలోనికి దించి (అది తియ్యని విషము, కుక్కలు నాకకుండ చూడుడు), మొదటి సిలిండరు పిస్టను ఊర్ధ్వస్థానమునకు వచ్చునట్లు క్రాంకును త్రిప్పి, బెల్టు తిరుగు చక్రములపైని గుర్తులన్నియు కలిసినవని నిశ్చయించుకొనిన పిమ్మటనే బెల్టును తీయవలయును. కొత్తబెల్టును మెలిపెట్టరాదు. బిగించినంతనే తాళముచెవికై తొందరపడక, క్రాంకును పానాతో, ఇంజను సహజముగా తిరుగు దిశలోనే, రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలియుచున్నవో లేదో పరీక్షింపుడు. నడుమ గట్టిగా అడ్డుపడినచో బలము ప్రయోగింపరాదు. అటుపై కూలంటు నింపి, గాలిబుడగలను వెడలించి, ఇంజనును ప్రారంభింపవచ్చును.